ముందు ఆకు చూడు, తర్వాత యూరియా సంగతి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన ఫొటోలు రాత్రే చూశాను. ఫోన్లో చెబితే ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేస్తావు, అందుకే ఈ ఉత్తరం. వరి నాట్లేసి మూడు వారాలైంది, చేను ఎర్రబారింది, మళ్ళీ యూరియా చల్లినా పచ్చబడలేదు, షాపువాడు తెగులు మందు అంటగట్టాడు. ఇంతేగా? ఆ డబ్బా మూత తియ్యకు, వీలైతే వెనక్కిచ్చెయ్. నాకైతే అది జింకు లోపంలా కనిపిస్తోంది.

పొద్దున్నే మడిలో దిగి ముదురాకు ఒకటి తుంచు. చివరివైపు నడిమి ఈనెకి అటూ ఇటూ తుప్పు రంగు మచ్చలున్నాయేమో చూడు. అగ్గితెగులు మచ్చ వేరు, అది నూలుకండె ఆకారంలో ఉండి మధ్యలో బూడిద రంగుకి తిరుగుతుంది. తర్వాత ఆ ఆకుని వేళ్ళతో వంచు. మామూలు వరి ఆకు వంగుతుంది గానీ విరగదు. జింకు అందని ఆకు పెళుసుబారి చిటుక్కున విరుగుతుంది, చప్పుడు నీకే వినబడుతుంది. లేతాకు మొదట్లో నడిమి ఈనె కూడా తెల్లగా పాలిపోయి ఉంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

జింకు లేకపోతే మొక్కకి ఆక్సిన్ అనే హార్మోను సరిగ్గా తయారవదు. అది లేక కణాలు సాగవు, ఆకు పొట్టిగా ఉండిపోతుంది, మొక్క గిడసబారి దుబ్బు చెయ్యదు. అలాంటప్పుడు ఎంత యూరియా పోసినా ఏం లాభం? ఇదేం కొత్త రోగం కాదురా. ఉత్తరాదిన హిమాలయాల దిగువనున్న తెరాయి భూముల్లో దీన్ని ఖైరా అంటారు. దానికి మూలం జింకు లోపమేనని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె అనే శాస్త్రవేత్త తేల్చాడు.

మీ పొలంలో ఎందుకొచ్చిందంటావా? ఏటా డీఏపీ మీద డీఏపీ వేస్తావు, అది భాస్వరం ఉన్న ఎరువు. నేలలో భాస్వరం పేరుకుపోతే మొక్కకి జింకు అందదు. దానికితోడు మడిలో ఎప్పుడూ నీళ్ళు నిలబెడతావు, అదీ జింకుకి అడ్డమే. ముందు నీళ్ళు తీసేసి మడిని కాస్త ఆరనివ్వు. లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి, ఐదేసి రోజుల తేడాతో రెండు మూడు సార్లు పిచికారీ చెయ్యి. పురుగుమందుతో కలిపి ఒకేసారి కొట్టేద్దామని చూడకు. వచ్చే ఏడు నాట్లకి ముందు దమ్ములోనే ఎకరానికి 20 కిలోల జింకు సల్ఫేటు చల్లు, కానీ డీఏపీతో కలపకు, మధ్యలో రెండు మూడు రోజులు ఆగు.

మీ మామయ్యగారి వేరుశనగ సంగతి వేరు. అక్కడ చిగురాకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయన్నావు కదా, అది ఇనుము లోపం. నత్రజని, పొటాష్, మెగ్నీషియం కరువైతే మొక్క ముదురాకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది, అమ్మ తన కంచంలోది తీసి పిల్లాడికి పెట్టినట్టు. అందుకే వాటి లోపం కిందాకుల్లో ముందు బయటపడుతుంది. ఇనుము అలా కదలదు. దెబ్బ చిగురుకే తగులుతుంది, ముదిరితే ఆకు తెల్లగా అయిపోతుంది. సున్నం ఎక్కువున్న నేల కదా, ఇనుము ఉన్నా వేరుకి దక్కదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొట్టమను. ఆయన నా మాట వింటాడో లేదో గానీ, చెల్లెమ్మ చేత చెప్పిస్తే వింటాడు.

ఇంకో మాట. జింకు కొట్టాక పాత ఆకుల మీద మచ్చలు పోలేదని కంగారుపడి ఫోన్ చెయ్యకు. అవి పోవు. కొత్తగా విచ్చుకున్న ఆకు ఫొటో తీసి పంపు, అది పచ్చగా వస్తే చాలు.

నీ
రాముడు