కుమ్‌యోయ్ వంకర చర్చిని కాపాడండి

వేల్స్ వారసత్వ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మన్మత్‌షైర్‌లోని కుమ్‌యోయ్ పల్లెలో సెయింట్ మార్టిన్ చర్చి గోపురం ఐదు డిగ్రీలకు పైగా ఒరిగి ఉంది. పీసా గోపురం కన్నా ఎక్కువ! కొండచరియ జారిన నేల మీద కట్టడంతో ఒక్క గోడా తిన్నగా లేదు. గోపురం ఒక పక్కకి, వేదిక ఉన్న భాగం మరో పక్కకి. లోపల నడుస్తుంటే పడవలో ఉన్నట్టు కళ్లు తిరిగాయి నాకు.

ఊరంటే గట్టిగా నాలుగిళ్లు. ఆ మధ్యయుగపు రాళ్ల భారం వాళ్లొక్కరే మోయలేరండీ. చారిత్రక కట్టడాల కోసం 2023లో చట్టం తెచ్చుకున్నారు, సంతోషం. దాంతోపాటు నిధులూ ఇవ్వండి. నేల కదలికను ఏటా కొలిపించండి. మరమ్మతులు సున్నంతోనే చేయించండి. సిమెంటు వద్దు, తేమ లోపలే ఉండిపోతుంది.

ఇట్లు,
ఆ ఊరిని మర్చిపోలేని ఒక తెలుగు యాత్రికుడు