రొటేటెడ్ అర్రే పాఠంలో తప్పు కోడ్‌పై ఫిర్యాదు

కోర్సు నిర్వాహకులకు,

విషయం: బైనరీ సెర్చ్ పాఠంలోని నమూనా కోడ్‌లో తప్పు, నా ఫిర్యాదు టికెట్లను పరిశీలించకుండా మూసేయడం గురించి.

అయ్యా/అమ్మా,

నేను డబ్బు కట్టి మీ డేటా స్ట్రక్చర్స్ కోర్సులో చేరాను. రొటేట్ చేసిన సార్టెడ్ అర్రేలో (వరుసలో ఉన్న అంకెల జాబితాలో చివరి కొన్నిటిని మొదటికి తెచ్చినది) బైనరీ సెర్చ్‌తో, అంటే ప్రతిసారీ సగం వదిలేస్తూ, వెతకడానికి మీరిచ్చిన కోడ్ తప్పు. ఈ సంగతి మీ సపోర్ట్‌కు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ "మా టెస్టులన్నీ పాసవుతున్నాయి, మీ కోడ్ సరిచూసుకోండి" అని టికెట్ మూసేశారు. అందుకే ఈసారి వేలు పెట్టి చూపిస్తున్నాను.

6, 1, 2, 3, 4, 5 అనే అర్రే ఇచ్చి 1 కోసం వెతకండి. అది ఇండెక్స్ 1లో (లెక్క 0 నుంచి కాబట్టి రెండో గడిలో) ఉన్నా మీ కోడ్ మైనస్ 1, అంటే "లేదు" అని ఇస్తుంది. వెతికే భాగంలో లో మొదటి గడి, హై చివరి గడి, మిడ్ మధ్య గడి (మధ్యలో రెండుంటే ఎడమది). మొదటి అడుగు సరైనదే: మిడ్ దగ్గర 2 ఉంది, కుడి సగం వరుసలో ఉంది, 1 అందులో లేదు కాబట్టి ఎడమకు వస్తుంది. ఇక మిగిలినవి 6, 1. రెండే మిగిలితే లో, మిడ్ ఒకే చోట పడతాయి. లో విలువ మిడ్ విలువ కన్నా చిన్నదైతేనే ఎడమ సగం వరుసలో ఉన్నట్టు అని మీ షరతు. 6 కన్నా 6 చిన్నది కాదు కదా! దాంతో కోడ్ కుడివైపే వరుసలో ఉందనుకుని, హైని మిడ్ కన్నా వెనక్కి జరిపి, 1 ఉన్న గడినే వదిలేస్తుంది. "చిన్నది లేదా సమానం" అని మారిస్తే చాలు.

మీ టెస్టులు దీన్ని ఎందుకు పట్టుకోలేదో కూడా చూశాను. పాఠంలో కనిపించే అర్రేలన్నిటిలో 7 అంకెలే ఉన్నాయి. మిడ్ తీసేస్తే అటు 3, ఇటు 3. మళ్లీ తీసేస్తే ఒక్కొక్కటి. సరిగ్గా రెండు మిగిలే సందర్భమే రాదు.

ఇది కనుక్కోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. తప్పు నాదేననుకుని కాగితం మీద లో, మిడ్, హై గడులు గీసుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడే నేర్చుకుంటున్నవాళ్లు మీ జవాబు చదివితే తమకు లాజిక్ రాదనుకుని వదిలేస్తారు. నా బాధ అదే.

అంకెలు రిపీటైనా ఇదే కోడ్ లాగ్ టైమ్‌లో (ప్రతిసారీ సగం తగ్గే వేగంతో) పనిచేస్తుందని పాఠం చివర రాశారు. అదీ సరికాదు. 1, 0, 1, 1, 1లో 0 కోసం వెతికితే, షరతు సరిచేశాక కూడా దొరకదు. లో, మిడ్, హై మూడూ సమానమైనప్పుడు ఏ సగం వరుసలో ఉందో తెలియదు. రెండు కొసల నుంచీ ఒక్కో గడి జరుపుకుంటూ రావాలి, అప్పుడు వర్స్ట్ కేస్‌లో లీనియర్ టైమే, అంటే అంకెలన్నీ ఒక్కొక్కటిగా చూసినంత సమయం.

జావా భాష సొంత లైబ్రరీలోని బైనరీ సెర్చ్‌లో లో, హై కూడితే ఇంట్ (పూర్ణాంకాల రకం) పరిమితి దాటిపోయే లోపం ఏళ్ల తరబడి ఉండి, 2006లో అందరికీ తెలిసింది. ఒప్పుకుని సరిచేశారు. మీరూ షరతును, ఆ చివరి వాక్యాన్ని సరిదిద్దండి. రెండు అంకెల అర్రేలు, సరి సంఖ్యలో అంకెలున్న అర్రేలు టెస్టుల్లో చేర్చండి. నా టికెట్లు తిరిగి తెరిచి, తప్పు పాఠానిదేనని రాతపూర్వకంగా తెలపండి.

ఇట్లు,
మీ కోర్సు విద్యార్థి