తుంగకి పురుగు పడితే ఎవరిని అడగాలి?

సంపాదకుడి గారికి నమస్కారం,

తుంగ అనగానే అందరికీ కలుపే గుర్తొస్తుంది కానీ చాపలు నేసే మాలాంటి ఇళ్ళకి అదే పంట. చెరువు కింద అరెకరంలో మావాళ్ళు చాపల తుంగ పెంచుతారు, కోసి కాడని నిలువునా చీల్చి ఎండబెట్టి రంగేసి నేస్తారు, పొడుగ్గా మచ్చ లేకుండా ఉన్న కాడకే రేటు.

రెండేళ్ళుగా దుబ్బుల్లో నడిమి పిలక పసుపెక్కి ఎండిపోతోంది, పట్టుకుని లాగితే చేతికొచ్చేస్తుంది, అచ్చం వరిలో మొవ్వ చచ్చినట్టే. చీల్చి చూస్తే లోపల సన్న పురుగు. అగ్రికల్చర్ చదివే మా పిన్ని కొడుకు చూసి ఇది బాక్ట్రా జాతి అన్నాడు, తుంగ జాతి మొక్కల మీదే బతుకుతుందంట. తల్లి చిన్న గోధుమరంగు రెక్కల పురుగు, ఆకుల మీద గుడ్లు పెడుతుంది, పిల్లపురుగు మొవ్వలోకి దూరి లోపల్లోపలే కిందకి తొలుచుకుంటూ పోయి అక్కడే ప్యూపా (గూటిపురుగు) అయ్యి, నెల అటూఇటుగా మళ్ళీ రెక్కలొచ్చి బయటపడుతుంది. లోపల దాక్కున్నదానికి పైన కొట్టిన మందు ఏం తగులుద్ది? అడుగున దుంప బతికే ఉంటుంది కాబట్టి మళ్ళీ పిలకలొస్తాయి, కానీ మాకొచ్చేవి పొట్టి కాడలు, చాపకి చాలవు.

వ్యవసాయ ఆఫీసుకెళ్ళి అడిగితే "తుంగని చంపే మందుంది గానీ బతికించే మందు ఎక్కడిదమ్మా" అన్నారు. అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ఇంకో సంగతి. ఈ బాక్ట్రానే 1925లో ఫిలిప్పీన్స్ నుంచి హవాయి తీసుకెళ్ళి వదిలారు, తుంగ కలుపుని తినేస్తుందని. పని జరగలేదు, ఎందుకంటే అక్కడి ట్రైకోగ్రామా అనే బుల్లి పరాన్నజీవి దాని గుడ్లని పొదగకుండానే చంపేసింది. వాళ్ళకి నష్టమైన ఆ పనే మాకు కావాలి కదా! ఆ ట్రైకోగ్రామా జాతి కార్డులే, అంటే ఆ పరాన్నజీవి లోపల పెరుగుతున్న గుడ్లు అంటించిన అట్టముక్కలే, మన చెరుకు రైతులు, వరి రైతులు ఆకులకి కడుతున్నారు, తుంగలో కూడా కట్టి చూడమని, ఎకరానికి ఎన్ని, ఏ వయసులో కట్టాలో తేల్చమని వ్యవసాయ యూనివర్సిటీ వాళ్ళని మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. కోత అయ్యాక కొత్త పిలకలు లేచే టైంలో మా మడికి రండి, ఎండిన మొవ్వలు నేనే పీకి చూపిస్తా.

ఇట్లు,
చాపలు నేసే ఇంటి అమ్మాయి