రైతు సంఘం వార్షిక నివేదిక (2024–25)

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకు పెట్టుకున్నామో అందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తాను.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోదగ్గది, నేలలో తడికీ పైరుకి ఎరువు అందడానికీ ఉన్న సంబంధం చూపించడానికి, వరి కోశాక వేసిన మొక్కజొన్నలో చేసిన ప్రదర్శన. నాగావళి కాలవ కింద ఒకే చేనుని రెండు చేసి, రెండు పక్కలా ఒకే మోతాదు డీఏపీ (నత్రజని, భాస్వరం ఉండే ఎరువు) వేశాం. ఒక సగానికి సకాలంలో తడులిచ్చాం, రెండో సగాన్ని పదునారినా వదిలేశాం. ఆ ఎండిన సగంలో ఆకుల అంచులు ఊదారంగుకి తిరిగాయి. భాస్వరం అందలేదన్నమాట. నేలలో లేకనా? మనమే వేశాం కదా! నత్రజనిలో ఎక్కువ భాగం మొక్క తాగే నీటితోనే వేరుకి వచ్చేస్తుంది. భాస్వరం, పొటాష్ అలా రావు. మట్టి రేణువుల చుట్టూ ఉండే సన్నటి నీటి పొరలోంచి కొద్దికొద్దిగా జరుగుతూ రావాలి. పొర తెగితే ఎక్కడివక్కడే. మొక్కల్ని వేళ్లతో సహా పెకలించి చూపించేసరికి, గట్టు దిగని పెద్దలు కూడా చేలోకి దిగారు.

పల్లపు చేలవాళ్లు మా సంగతేటని అడిగారు. నీరు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు, వేరుకి ఊపిరాడక పోషకాలు తీసుకోలేదు, నైట్రేటు రూపంలో ఉన్న నత్రజని కాస్తా వాయువై పోతుంది. నీరు నిలిచి పసుపుబారిన మెట్టపైరుకి ముందు నీరు తీసేయాలి, తర్వాతే యూరియా. (ఇది విని కూడా మర్నాడే బస్తా మోసుకెళ్లినవాళ్లున్నారు, పేర్లు రాయను.) వరి దారి వేరు. నీరు కడితే భాస్వరం ఇంకా బాగా అందుతుంది, జింకు తగ్గుతుంది. అందుకే ఉభాలకి (నాట్లకి) ముందు, లోపమున్న మడులకి ఎకరాకి 20 కిలోల జింకు సల్ఫేటు వేయమనేది. డీఏపీతో మాత్రం కలపొద్దు.

చేను ఇచ్చిన రైతుకి, మోటారు ఇచ్చిన సోదరులకి, బోర్డులు రాసిన మేస్టారికి, ఉప్మా, టీ చూసుకున్న మహిళా సంఘం అక్కచెల్లెళ్లకి, షామియానా అద్దె తీసుకోని కుర్రాడికి కృతజ్ఞతలు.

తడులు పెట్టడానికి వంతులేసుకున్నవాళ్లలో సగం మంది రాలేదు. ఫోటోల రోజున మాత్రం అందరూ వచ్చారు. శివారు మడులకి నీరందడం లేదని ఇచ్చిన అర్జీ ఇప్పటికీ సంబంధిత కార్యాలయంలోనే ఉంది. చూడ్డానికి వస్తామన్న అధికారి రాలేదు.

జమాఖర్చులు కోశాధికారి దగ్గరున్నాయి, కావలసినవాళ్లు చూసుకోవచ్చు. కొద్దిగా మిగిలింది, అది మట్టి నమూనాల ఖర్చుకి ఉంచాం. చందా బాకీలు ఈ సమావేశంలోనే కట్టేయండి. వచ్చే రబీలో మినుము మీద ఇదే ప్రదర్శన పెట్టాలనుంది. చేను ఇచ్చేవాళ్లు చెప్పండి, వంతులకి నిజంగా వచ్చేవాళ్లే పేర్లివ్వండి.

కార్యదర్శి