2012 వార్షిక నివేదిక: ఈ వేసవి పార్కు గుర్రాలకి ఇచ్చేశాం

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. నందన ఉగాది బాగానే జరిగింది, జమాఖర్చులు కోశాధికారి గారి దగ్గరున్నాయి, కావాల్సినవాళ్ళు అడిగి చూసుకోండి. ఇంక ఈ ఏడాది అందరూ మాట్లాడుకున్న సంగతికొస్తా, అదే లండన్‌లోని మన గ్రీనిచ్ పార్కు.

ఏటా మన వనభోజనాలు అక్కడి చెస్ట్‌నట్ చెట్ల కిందే కదా, ఈసారి ఒలింపిక్స్ గుర్రపు స్వారీ పోటీలని పార్కుని దాదాపు మొత్తం మూసేశారు. 1433లో చుట్టూ కంచె వేసిన రాచతోట, యునెస్కో జాబితాలో ఉన్న చోటు, అక్కడ 23,000 సీట్ల స్టేడియమా, గుర్రపు పోటీలకనే ఉన్న హిక్‌స్టెడ్ లాంటి చోట పెట్టుకోవచ్చుగా అని స్థానికులు గట్టిగానే పోరాడారు, కానీ 2010 మార్చిలో కౌన్సిల్ పర్మిషన్ ఇచ్చేసింది.

స్టేడియం కట్టిన తీరు మాత్రం మెచ్చుకోవాలి. గ్రౌండ్‌ని తవ్వలేదు, చదును చెయ్యలేదు, కాళ్ళ మీద ప్లైవుడ్ డెక్ నిలబెట్టి దానిపైన ఇసుక పరిచారు, గుర్రాలు గెంతింది ఆ డెక్ మీదే. క్రాస్ కంట్రీ, అంటే పార్కు పొడుగునా పరిగెడుతూ అడ్డంకులు దూకే పోటీ, మాత్రం నిజం గడ్డి మీదే, దానికి గడ్డిని ముందునుంచే పెంచుతూ వచ్చారట.

జులై 30 సోమవారం సెలవులు పెట్టుకుని మనవాళ్ళు కొందరు ఆ క్రాస్ కంట్రీకి వెళ్ళారు, దాదాపు 50,000 మంది జనం, పార్కులోని అబ్జర్వేటరీ గుట్ట ఎక్కేసరికి గుర్రాల కంటే మనవాళ్ళే ఎక్కువ రొప్పారు. గేటు దగ్గర 100 మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు కుదరవన్నారు, ఒక పెద్దావిడ మజ్జిగ సీసా పారబొయ్యనంటే పారబొయ్యనని అక్కడే నిలబడి మొత్తం తాగేసి లోపలికెళ్ళారు! వారం తర్వాత బ్రిటన్‌కి టీమ్ జంపింగ్‌లో 60 ఏళ్ళకి స్వర్ణం వచ్చింది, అదీ మన వీధి చివర్లోనే.

వనభోజనాలు డాన్సన్ పార్కుకి మార్చాం, చాలామందికి దూరమైంది, పులిహోర మిగిలిపోయింది. పార్కు పెద్దగా పాడవలేదు నిజమే, కానీ కారు లేని పెద్దవాళ్ళకి వేసవంతా నడవడానికి చోటు లేకుండా పోయింది, ఈ మాట గెలుపు సంబరాల్లో ఎవరూ ఎత్తలేదు గనక ఇక్కడ రాస్తున్నా. ఇలాంటిది మళ్ళీ వస్తే మన కమిటీ ముందే అడగాల్సింది ఇదే, ఏ గేటు ఎన్నాళ్ళు తెరిచి ఉంచుతారు అని.

వచ్చే వేసవికి మళ్ళీ గ్రీనిచ్‌లోనే అనుకుంటున్నాం, కింది లాన్‌లో గడ్డి ఇంకా కోలుకుంటోంది కాబట్టి పైన చెట్ల వైపు కూర్చుందాం. డాన్సన్ నుంచి రెండు పెద్ద గిన్నెలు ఎవరింటికో వెళ్ళాయి, చూసి పంపించండి.