మోటర్‌హోమ్ తాళాలు తీసుకునే ముందు హౌస్ బ్యాటరీ ఎక్కడుందో చూపించమనండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. అమెరికాలో మోటర్‌హోమ్ అద్దెకు తీసుకుని అమ్మానాన్నలకు ఎల్లోస్టోన్ నేషనల్ పార్కు చూపించడం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. వంటిల్లు, పడకలు, బాత్రూమ్, పెట్రోలు ఖర్చు అన్నీ రాశారు. కానీ రాత్రిపూట ఆ బండిలో లైటు వెలగాలన్నా, కుళాయిలో నీళ్లు రావాలన్నా ఏది కావాలో దాని గురించి ఒక్క ముక్క లేదు. అది హౌస్ బ్యాటరీ. దాని సంగతి తెలియక మేము పడ్డ అవస్థ ఇంకో కుటుంబం పడకూడదని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన దగ్గర సినిమా షూటింగుల్లో కనిపించే క్యారవాన్ లాంటిదే ఈ మోటర్‌హోమ్ కూడా. ఇందులో బ్యాటరీలు రెండు రకాలు, బండి స్టార్ట్ చేయడానికి ఒకటి, ఇల్లు నడవడానికి ఇంకొకటి. లైట్లు, నీళ్ల పంపు, హీటరు ఫ్యాను, గోడను బయటికి జరిపి గది పెంచే స్లయిడు, గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ లోపలి కంట్రోల్ బోర్డు కూడా ఈ రెండోదాని మీదే నడుస్తాయి.

మేముండేది డెన్వర్. తెనాలి నుంచి వచ్చిన అమ్మానాన్నలతో సెప్టెంబర్ మొదటి వారంలో ఎల్లోస్టోన్ వెళ్లి, మాడిసన్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ కరెంటు కనెక్షన్ ఉండదు. ఆ పార్కులో కరెంటు, నీళ్లు, డ్రైనేజీ అన్నీ ఇచ్చేది ఫిషింగ్ బ్రిడ్జి దగ్గరున్న ఆర్‌వీ పార్కు (ఇలాంటి బండ్లు నిలుపుకునే చోటు) ఒక్కటే. తెల్లవారుజామున మూడింటికి హీటరు ఆగిపోయింది, గ్యాస్ లీకును కనిపెట్టే డిటెక్టర్ కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. అమ్మ రెండు శాలువాలు కప్పుకుని కూడా వణుకుతోంది. గ్యాస్ ట్యాంకు నిండుగా ఉంటే హీటరు ఎందుకు ఆగిందో మాకెవరికీ అర్థం కాలేదు. జనరేటరు వేద్దామంటే అక్కడ ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకే అనుమతి. ఎనిమిదింటిదాకా కాచుకుని స్విచ్ నొక్కితే అదీ లేవలేదు, ఎందుకంటే మా బండిలో జనరేటరు స్టార్ట్ కావడానికి కూడా ఆ హౌస్ బ్యాటరీయే కావాలి.

మావారు బానెట్ ఎత్తి చూస్తే అక్కడున్న బ్యాటరీ బ్రహ్మాండంగా ఉంది, అది ఇంజిన్‌ది మరి. పక్క సైటులో ఉన్న ఒక పెద్దాయన వచ్చి, మేము ఎక్కి దిగే మెట్టు మీద రేకుకున్న రెండు స్క్రూలు తీయించారు. కింద 6 ఓల్టుల బ్యాటరీలు రెండు, టెర్మినళ్ల మీద నీలం, తెలుపు కలిసిన పొడి గుత్తులుగా పేరుకుపోయి ఉంది. మా నాన్నకి ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి నెలనెలా నీళ్లు చూసుకునే అలవాటు. మూతలు తీసి ఫోన్ లైటు వేసి చూసి, "అమ్మాయీ, దీనికి నీళ్లు పోసి ఎన్నాళ్లయిందో, ప్లేట్లు ఎండిపోయి పైకి తేలాయి చూడు" అన్నారు. నేనూ వంగి చూశాను, బూడిదరంగు పలకల అంచులు పొడిగా కనిపించాయి. మీటరు పెడితే 10.8 ఓల్టులు.

పెద్దాయన దగ్గరున్న డిస్టిల్డ్ వాటర్‌ని ప్లేట్లు మునిగేంతవరకే పోశాం. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్ పక్కన ఉండే ఎమర్జెన్సీ స్టార్ట్ బటన్ నొక్కి పట్టుకుంటే ఇంజిన్ వైపు బ్యాటరీ దీనికి కలుస్తుంది, అప్పుడు జనరేటరు లేచింది, స్లయిడు లోపలికి వచ్చింది. ఛార్జింగ్ అయ్యాక మిగతా నీళ్లు పోశాం. ఈ వరుస తప్పకూడదు, ఎందుకంటే ముందే నిండా పోస్తే ఛార్జింగ్‌లో యాసిడ్ పొంగి బయటికి వస్తుంది.

లెక్క చూడండి. అలాంటి బ్యాటరీలు రెండు వరుసగా కలిపితే 12 ఓల్టుల దగ్గర సుమారు 220 ఆంపియర్ అవర్లు, అందులో సగం, అంటే 110 వాడుకోవచ్చు. హీటరు ఫ్యాను 8 ఆంపియర్లు లాగుతూ పది గంటల్లో సగం సేపు తిరిగినా రాత్రికి అయ్యేది 40 ఆంపియర్ అవర్లే. బాగున్న బ్యాటరీ అయితే రెండు రాత్రులు నిక్షేపంగా లాగేది. అయినా అద్దెకిచ్చిన వాళ్లు మేమే ఎక్కువ వాడేశామని డిపాజిట్‌లో కోత పెట్టారు. ఫోటోలు పంపినా వినలేదు. ఆ డబ్బుకన్నా అమ్మ వణికిన రాత్రి నాకు ఎక్కువ బాధగా ఉంది.

నాకు కోపం వచ్చేది బండి అప్పగించే పద్ధతి మీద. వాళ్ల యార్డులో బండిని కరెంటుకి తగిలించి ఉంచుతారు, కాబట్టి లోపలి ప్యానెల్‌లో బ్యాటరీ లైట్లు నాలుగూ వెలుగుతూనే ఉంటాయి. అది ఛార్జర్ ఇచ్చే ఓల్టేజీ. తీగ పీకించండి, కొన్ని లైట్లు, పంపు వేసి ఒక పావుగంట కూర్చుని అప్పుడు చూడండి. చిన్న మల్టీమీటరు సంచిలో పడేసుకుంటే ఇంకా మంచిది. ఛార్జింగూ వాడకమూ లేకుండా కొన్ని గంటలు ఊరికే ఉంచాక 12.6, 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.1 దగ్గరికి వస్తే సగం అయిపోయినట్టు. అక్కడితో ఆపి ఛార్జ్ పెట్టుకోవాలి.

బ్యాటరీ ఉండే చోటు బండిని బట్టి మారుతుంది. మాలాంటి బండిలో మెట్టు కిందో పక్క అరలోనో, వ్యాన్ రకంలో సీటు కిందో నేల అడుగునో, బస్సంత పెద్దవాటిలో కింది అరల్లోనో వెనకవైపో, లాక్కెళ్లే ట్రెయిలర్లలో ముందు కొక్కెం దగ్గర నల్ల డబ్బాలో. వాళ్ల చేతే తెరిపించండి.

ఇక్కడ సొంతానికి కొనుక్కున్న మనవాళ్లకి ఇంకో మాట. టెర్మినళ్ల పొడిని వంట సోడా కలిపిన నీళ్లతో కడగండి, ఆ నీళ్లు మూతల్లోకి పోనివ్వకండి. మైనస్ తీగ ముందు విప్పి చివర బిగించండి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి గాలి పోయే రంధ్రాలు మూయకండి. చలికాలం బండి పక్కన పెట్టేటప్పుడు తలుపు దగ్గరుండే బ్యాటరీ స్విచ్ ఆపేస్తే చాలనుకోకండి, చాలా బండ్లలో గ్యాస్ డిటెక్టర్ లాంటివి అప్పటికీ కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. ఛార్జ్ దిగిపోయిన లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకట్టి పగలొచ్చు, నిండుగా ఉన్నది అంత తేలిగ్గా గడ్డకట్టదు. లిథియం వాటికి నీళ్ల బాధ లేదు గానీ సున్నా డిగ్రీల కింద ఛార్జ్ పెట్టకూడదు.

వేసవి సెలవులకు తల్లిదండ్రుల్ని పిలిపించుకునే వాళ్లు ఇప్పటినుంచే బండ్లు బుక్ చేసుకుంటున్నారు. దయచేసి ఈసారి వ్యాసం వేసినప్పుడు బ్యాటరీ ముచ్చట ఒక పేరా అయినా కలపండి.

ఇట్లు,
మీ పాఠకురాలు, డెన్వర్