లెక్కింపుకు ముందే ‘గెలుపు’ అని రాయకండి

సంపాదకులకు నమస్కారం.

2024 జూన్ 1, శనివారం సాయంత్రం నేను అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక టీ అంగడి ముందు ఉన్నాను. ఎగ్జిట్ పోల్స్, అంటే ఓటేసి బయటికొచ్చినవాళ్లను అడిగి వేసే అంచనాలు, చూపించే ఆరున్నర ఎప్పుడవుతుందా అని జనం రోడ్డు మీదిదాకా నిలబడి టీవీ చూస్తున్నారు. ఆరున్నర దాటిన కాసేపటికే ఒక ఛానల్ ఒక పార్టీకి అధికారం ఇచ్చేసింది. అంగడాయన రిమోట్ నొక్కితే పక్క ఛానల్లో ఎదుటి కూటమి గెలిచింది. ఆ రాత్రి మా వీధిలో రెండు పక్షాలవాళ్లూ టపాకాయలు కాల్చారు. మన అసెంబ్లీ ఓట్లు పడింది మే 13న. అప్పటికి 19 రోజులుగా యంత్రాలు స్ట్రాంగ్ రూముల్లో సీలు కింద ఉన్నాయి. లెక్కింపు జూన్ 4న. ఒక్క ఓటు కూడా లెక్కపెట్టకముందే రెండు ప్రభుత్వాలు ఏర్పడ్డాయి.

నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. మూడు ఎన్నికల్లో ప్రిసైడింగ్ అధికారిగా, ఒకసారి కౌంటింగ్ సూపర్‌వైజరుగా పనిచేశాను. ఓటేసి బయటికొచ్చే మన పల్లె మనిషి ఎట్లుంటాడో దగ్గరగా చూసినవాణ్ని. కేంద్రం నుంచి కాస్త దూరం నడిస్తే పార్టీల బల్లలు కనబడతాయి. ఒక బల్ల దగ్గర బావమరిది కూర్చుని ఉంటాడు, ఇంకో బల్ల దగ్గర తన చేనికి దారిచ్చిన ఆసామి. ఆ నడుమ ఎవరో తెలియని కుర్రాడు ట్యాబ్ పట్టుకుని ‘ఎవరికేసినావు పెద్దాయనా?’ అంటే ఏం చెబుతాడు? అడిగినవాడు ఏ పార్టీ తరఫున వచ్చాడోనని ముందు వాడి ముఖం చూస్తాడు. ‘వేసినాంలేప్పా’ అని నడిచిపోతాడు. కాదూ కూడదంటే ఆ చుట్టుపక్కల ఎవరు వింటున్నారో చూసుకుని వాళ్లకు నచ్చే పేరు చెబుతాడు. ఫ్యాక్షన్ చూసిన ఊళ్లలో ఓటు ఎవరికేసిందీ ఇంట్లో కూడా చెప్పని ఆడవాళ్లున్నారు. అది అబద్ధమాడటం కాదు, బతకడం. ఆ మౌనాన్ని సర్వే సంస్థ ఏ గడిలో రాసుకుంటుంది?

సరే, అందరూ నిజమే చెప్పారనుకుందాం. చేతికి వచ్చేది ఓట్ల శాతం. తెరమీద చూపించేది సీట్లు. ఈ రెంటి మధ్య ఉన్న అగాధం మన రాష్ట్రమంత బాగా ఇంకెవరికి తెలుసు? 2019లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లొస్తే 23 సీట్లు దక్కాయి. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు అంతే శాతం వస్తే 11 సీట్లు మిగిలాయి. 2019లో ఆ పార్టీవే 151. రాయలసీమలో ఉన్న 52 స్థానాల్లో 49 గెలిచిన పార్టీ ఐదేళ్లకు ఏడింటికి వచ్చింది. మడకశిరలో గెలుపుకూ ఓటమికీ తేడా 351 ఓట్లు. పది బూతుల బయట నిలబడి అడిగితే ఆ 351 ఎవరికి తెలుస్తాయి? రెండు మూడు శాతం అటూ ఇటూ అయితే డజన్ల కొద్దీ సీట్లు తారుమారయ్యే చోట ‘ఈ పార్టీకి ఇన్ని సీట్లు’ అని నిబ్బరంగా చదవడం తప్పు. ఆనాడు గెలిచే వైపును సరిగ్గా చూపిన సంస్థల్లో కూడా చాలావాటి అంకె తెలుగుదేశం కూటమికి వచ్చిన 164 దరిదాపులకు రాలేదు.

దేశంలోనూ ఇదే కథ. 2004లో ఎన్‌డీఏ మళ్లీ వస్తుందన్నారు, రాలేదు. 2024 లోక్‌సభలో ఆ కూటమికి 350 నుంచి 400 దాకా అన్నారు, 293 వచ్చాయి. ఆ జోస్యాల మీద జూన్ 3న షేర్ల సూచీ సెన్సెక్స్ 2,500 పాయింట్లు ఎగిరి, మర్నాడు లెక్కింపు మొదలయ్యాక 4,300కు పైగా కుప్పకూలింది. నాలుగు నెలలకే హర్యానాలో కాంగ్రెస్ అన్నారు, 90లో 48 బీజేపీ గెలిచింది.

షేర్ల సంగతి నగరాలవాళ్లది. మా దగ్గర పందేలు. మా దూరపు బంధువుల అబ్బాయి ఒకడు ఆ శనివారం రాత్రి మా ఇంటికొచ్చాడు. చీనీ తోట మీద ఆ ఏడు వచ్చిన డబ్బంతా పందెం కాస్తానన్నాడు. ఏ పార్టీ మీదో ఇక్కడ రాయను, అది ముఖ్యం కాదు. వద్దురా అన్నాను. ‘టీవీలో అంకెలేసి మరీ చెప్తా ఉంటే నమ్మొద్దంటే ఎట్ల సార్? వాళ్లకు తెలీకుండా చెప్తారా?’ అన్నాడు. జూన్ 4 మధ్యాహ్నానికి ఫోన్ ఆపేశాడు. బోరు మోటారు బాగుచేయించుకోవడానికి కూడా చేతిలో రూపాయి లేక వాళ్లమ్మ గాజులు కుదువబెట్టింది. తప్పు వాడిదే, కాదనను. అయితే వాడు నమ్మింది వీధి చివర జ్యోతిష్యుణ్ని కాదు, వార్త అని పేరు పెట్టుకుని ఇంట్లోకి వచ్చినదాన్ని.

పందెంతో పోతే డబ్బే పోతుంది. మన జిల్లాలో దానికి మించింది ఉంది. పోలింగ్ అయిన వెంటనే తాడిపత్రిలో రాళ్లు రువ్వుకున్నారు. ఎన్నికల సంఘం మన జిల్లా ఎస్పీని సస్పెండ్ చేసింది, సిట్ వేయించింది, లెక్కింపు తర్వాత కూడా 15 రోజులు రాష్ట్రంలో 25 కంపెనీల కేంద్ర బలగాలను ఉంచమంది. అట్లాంటి చోట ఒక పక్షానికి ‘మీరు గెలిచారు’ అని మూడు రోజులు నూరిపోసి, నాలుగో రోజు ‘కాదు, ఓడారు’ అంటే వాళ్లు దాన్ని ఓటమిగా తీసుకుంటారా, మోసంగా తీసుకుంటారా?

చట్టం లేదని కాదు. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 126ఏ సెక్షన్ ఉంది. అన్ని దశల పోలింగ్ ముగిసిన అరగంట దాకా ఎగ్జిట్ పోల్ బయటపెడితే రెండేళ్ల వరకు జైలు. ఆ అరగంట తర్వాత ఏం చెప్పినా అడిగే దిక్కు లేదు. ఎంతమందిని అడిగారో, ఎక్కడ అడిగారో, ఎంతమంది జవాబు చెప్పలేదో చాలాసార్లు తెరమీద కనబడదు.

లెక్కింపు రోజు కూడా చెప్పాలి. ఎనిమిదింటికి పోస్టల్ ఓట్లు తెరుస్తారు, ఎనిమిదిన్నరకు యంత్రాలు. అట్లాంటిది 8.05కే, 8.10కే ఆధిక్యాలు ఎక్కడినుంచి వస్తున్నాయని 2024 అక్టోబరులో అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్ రాజీవ్ కుమారే తప్పుబట్టారు. నేను బల్ల దగ్గర కూర్చుని చూసిందీ అదే. పద్నాలుగు బల్లలుంటే మొదటి రౌండులో ఒకటి నుంచి పద్నాలుగో నంబరు దాకా కేంద్రాలు వస్తాయి. అవన్నీ నియోజకవర్గంలో ఒక మూలవే. ఒక మండలం మొగ్గు చూసి నియోజకవర్గం తేలిపోయిందంటే ఎట్లా? ఆ రోజు మేము మూడో రౌండు కాగితాల మీద సంతకాలు పెడుతుండగానే బయట డప్పులు మొదలయ్యాయి. పదో రౌండుకు ఆ డప్పులు వినబడలేదు.

అమెరికాలో విజేతను ముందు ప్రకటించేది వార్తా సంస్థలే. ఎంత అనుభవమున్నా 2000 అధ్యక్ష ఎన్నికల్లో ఫ్లోరిడా రాష్ట్రం దగ్గర బోల్తాపడ్డాయి. ఆ రాష్ట్రం పడమటి కొసలో పోలింగ్ ఇంకా సాగుతుండగానే అల్ గోర్ గెలిచాడన్నాయి, వెనక్కి తీసుకున్నాయి, అర్ధరాత్రి దాటాక బుష్ అన్నాయి, అదీ వెనక్కి తీసుకున్నాయి. చివరికి తేల్చిన తేడా 537 ఓట్లు. ఇప్పుడు అక్కడి వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్, వెనకబడ్డ అభ్యర్థికి ఇక గెలిచే దారి లేదని తేలాకే పేరు ప్రకటిస్తామని చెబుతుంది, ఎందుకట్లా తేల్చామో కూడా రాస్తుంది. అక్కడ చాలావరకు ఓట్లు లెక్కిస్తూ అంచనా వేస్తారు. మనం లెక్కించకుండానే వేస్తున్నాం.

టీవీవాళ్లు నా మాట వింటారన్న ఆశ నాకు లేదు. మీ పత్రిక వినగలదు. ఎగ్జిట్ పోల్ వేయక తప్పదంటే లోపలి పేజీలో వేయండి. ప్రతి సంస్థ పేరు పక్కన అది గత మూడు ఎన్నికల్లో ఏం చెప్పిందో, ఏం జరిగిందో రెండు గడుల్లో పెట్టండి. సీట్లకన్నా ముందు ఓట్ల శాతం, ఎంత పొరపాటుకు అవకాశముందో, ఎంతమందిని అడిగారో వేయండి. అవి చెప్పని సంస్థ అంకెలు అసలు వేయకండి. లెక్కింపు రోజు మీ వెబ్‌సైట్లో రిటర్నింగ్ అధికారి ప్రకటించేదాకా ‘గెలుపు’ అన్న మాట వాడకుండా ‘ఇన్ని రౌండ్లలో ఇన్నో రౌండు, ఇంత ఆధిక్యం’ అని మాత్రమే రాయండి. మా ఊరి టీ అంగడిలో పొద్దున్నే మీ పత్రికను ఒకరు గట్టిగా చదువుతుంటే పదిమంది వింటారు. ఎన్ని రౌండ్లు మిగిలాయో కూడా చదివి వినిపించమని అంగడాయనకు నేను చెబుతాను.

ఇట్లు
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం